కార్మికుల పక్షాన నిలిచిన రాష్ట్రపతి - వరాహగిరి వెంకటగిరి

ప్రతి ఏడాదీ మన తెలుగు బడి వార్షిక సంచికలో ఒక తెలుగు ప్రముఖుని జీవితాన్ని పిల్లలకు పరిచయం చేస్తున్నాము. ఈసారి ఎవరి గురించి రాయాలా అని ఆలోచిస్తుండగా జవాబు మా తరగతి గదిలోనే దొరికింది.

ఒక శుక్రవారం పిల్లలకు కొన్ని పదాలిచ్చి సొంత వాక్యాలు రాయమన్నాము. అందులో జీతం అనే పదం ఒకటి. కంపెనీవాళ్ళు దయతలచి నాన్నకు జీతం ఇచ్చారని ఒక పాప రాసింది. వాక్యంలో అక్షరదోషం లేదు, వ్యాకరణ దోషమూ లేదు. మార్కులు వేసేశాము కూడా. తరవాత తెలిసింది, వాళ్ళ నాన్నగారికి నాలుగు నెలలుగా జీతం రాలేదట. ఆ వారమే ఒక నెల జీతం చేతికి వచ్చిందట. ఆ రోజు ఇంట్లో పాయసం చేసుకున్నారట.

ఆ మాట విన్నాక మాకు మనసు మనసులో లేదు. బడిలో పాఠాలు చెప్పే మాలో చాలామందిమి ఇంజనీరింగు చదివి కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేసేవాళ్ళమే. నెలాఖరుకు బ్యాంకులో జీతం పడిందని ఫోనుకు సందేశం వస్తుంది. దాని గురించి రెండోసారి ఆలోచించము. మన పక్క బిల్డింగులోనే ఆ సందేశం కోసం నెలల తరబడి ఎదురుచూసే తెలుగువారు ఉన్నారు. చేసిన పనికి రావలసిన డబ్బును దయ అనుకుంటూ మన పిల్లలు పెరగకూడదని అనిపించింది. అందుకే ఈ ఏడాది వి.వి. గిరి గారి గురించి రాస్తున్నాము. ఆయన భారతదేశానికి నాలుగవ రాష్ట్రపతి అని జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో చదివే ఉంటారు. అంతకు ముందు ఆయన చేసిన పని, వదులుకున్న పదవి చాలామందికి తెలియవు.

బాల్యం, ఐర్లండు చదువు

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. బరంపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మ గారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా, బడిలో ఇంగ్లీషు. కువైట్‌లో పెరుగుతున్న మన పిల్లల పరిస్థితికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

1913లో ఆయన న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు వెళ్ళి డబ్లిన్‌లో చేరారు. అప్పుడు ఐర్లండు కూడా మనలాగే బ్రిటిష్ పాలనలో ఉండేది. సరిగ్గా ఆ ఏడాదే డబ్లిన్ నగరంలో పెద్ద కార్మిక పోరాటం జరిగింది. కార్మిక సంఘంలో ఉండబోమని సంతకం పెడితేనే పనిలోకి రానిస్తామని యజమానులు పట్టుబట్టారు. పెట్టనివారిని గేటు బయటే నిలిపివేశారు. సుమారు 20,000 మంది 1914 మొదట్లో వరకూ పని లేక, కూలి లేక ఆకలితో గడిపారు. పిల్లలూ, కార్మికులు పని ఆపితే దానిని సమ్మె అంటారు. యజమాని తలుపులు మూస్తే దానిని లాకౌట్ అంటారు. డబ్లిన్‌లో జరిగింది లాకౌట్. ఆ కార్మికుల నాయకుల్లో ఒకరు జేమ్స్ కానొలీ.

కానొలీ భావాలు గిరి గారి మీద గాఢమైన ముద్ర వేశాయి. దేశానికి స్వాతంత్ర్యం రావడం ఒక్కటే చాలదనీ, ఆ దేశంలో చెమటోడ్చేవాడికి కడుపునిండా తిండి ఉండాలనీ ఆయనకు అక్కడే అర్థమయింది. 1916 ఏప్రిల్‌లో ఐరిష్ దేశభక్తులు తిరుగుబాటు చేశారు. బ్రిటిష్ వారు దానిని అణచివేసి కానొలీతో సహా నాయకులను కాల్చి చంపారు. గిరి గారికి ఐరిష్ ఉద్యమకారులతో పరిచయాలు ఉన్నాయని ప్రభుత్వం అనుమానించి దేశం విడిచి వెళ్ళమని ఆదేశించింది. ఆ ఏడాదే ఆయన స్వదేశం చేరుకున్నారు.

రైలు కార్మికుల మధ్య

తిరిగివచ్చాక వకీలుగా ప్రాక్టీసు మొదలుపెట్టారు. తండ్రికి ఉన్న పేరు, విదేశీ చదువు రెండూ ఉన్నాయి. కోర్టులోనే ఉండిపోతే హాయిగా సంపాదించుకునేవారే. కానీ గాంధీజీ పిలుపుతో సహాయ నిరాకరణ ఉద్యమంలోకి దిగి 1922లో జైలుకు వెళ్ళారు. తరవాత తన సమయమంతా కార్మికులకే ఇచ్చారు.

అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే అనే పెద్ద కంపెనీ ఉండేది. కలకత్తా పక్కనున్న హౌరా నుంచి వాల్తేరు వరకూ దాని పట్టాలు గిరి గారి ఊరు బరంపురం మీదుగానే పోయేవి. ఖరగ్‌పూర్‌లో దాని పెద్ద వర్క్‌షాపు ఉండేది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఎంతోమంది తెలుగువారు పని కోసం ఖరగ్‌పూర్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. నేటికీ ఆ ఊళ్ళో తెలుగు మాట వినిపిస్తుంది. ఈనాడు కువైట్ వచ్చినవారు విమానం ఎక్కితే, ఆనాడు వారు రైలెక్కారు. రెండు ప్రయాణాలకూ కారణం ఒక్కటే, ఇంటికి నాలుగు డబ్బులు పంపడం.

గిరి గారు ఈ రైలు కార్మికులను సంఘంగా కూడగట్టారు. 1920ల్లో అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్య ఏర్పాటుకు కృషి చేసినవారిలో ఆయన ముఖ్యులు. దానికి పదేళ్ళకు పైగా ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

ఆ సమయంలోనే ఖరగ్‌పూర్‌లో కార్మికులను పెద్దఎత్తున తొలగించడానికి కంపెనీ సిద్ధపడింది. గిరి గారి నాయకత్వంలో కార్మికులు పోరాటానికి దిగారు. శాంతియుతంగా నడిచిన పోరాటమిది. మన దేశ కార్మిక చరిత్రలో దీనిని ఒక మైలురాయిగా చెబుతారు.

1931లో లండనులో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కూడా ఆయన కార్మికుల ప్రతినిధిగానే హాజరయ్యారు. రాజులు, జమీందారులు, పెద్ద పెద్ద వ్యాపారులు కూర్చున్న బల్ల దగ్గర కూలివాడి తరఫున కూడా ఒక కుర్చీ ఉండాలని ఆయన జీవితమంతా పట్టుబట్టారు.

ఆ రోజుల్లో జీతం ఎప్పుడివ్వాలన్నది చాలాచోట్ల యజమాని ఇష్టం. జరిమానాల పేరుతో కోతలు కూడా విపరీతంగా ఉండేవి. 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. వెయ్యిమంది కంటే తక్కువ పనివాళ్ళున్న ఫ్యాక్టరీలలో నెల గడిచిన ఏడు రోజులలోగా, అంతకంటే పెద్దవాటిలో పది రోజులలోగా జీతం ఇచ్చి తీరాలని ఆ చట్టం చెప్పింది. జీతం ఒక్కరోజులో హక్కుగా మారలేదు. ఎందరో అడగగా అడగగా చట్టమయింది.

పదవిని వదులుకున్న మంత్రి

1937 ఎన్నికలలో గిరి గారు బొబ్బిలి రాజావారి మీద పోటీ చేసి గెలిచారు. రాజావారు అంతకు ముందు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉన్నవారు. అటువంటివారిని ఒక కార్మిక నాయకుడు ఓడించడం అప్పట్లో పెద్ద సంచలనం. రాజాజీ మంత్రివర్గంలో గిరి గారు కార్మిక, పరిశ్రమల శాఖ మంత్రి అయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమంలో మళ్ళీ జైలుకు వెళ్ళివచ్చి, 1946లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో కూడా పనిచేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1947 నుంచి 1951 వరకూ సిలోనులో, అంటే నేటి శ్రీలంకలో, భారత హైకమిషనరుగా ఉన్నారు. అక్కడి తేయాకు తోటల్లో తరతరాలుగా పనిచేస్తున్న భారతీయ కూలీలలో లక్షలమందికి 1948 నాటి పౌరసత్వ చట్టం వల్ల ఏ దేశమూ లేకుండా పోయింది. వారి సమస్య గిరి గారి కాలంలో తీరలేదు. పరాయి దేశంలో కష్టపడేవాడికి చేతిలో కాగితం ఎంత ముఖ్యమో ఆయన అక్కడ దగ్గర నుంచి చూశారు. అకామా విలువ తెలిసిన మనకు ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ గారి మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ప్రతి తగాదాకూ కోర్టుల చుట్టూ, ట్రిబ్యునళ్ళ చుట్టూ తిరగకుండా యజమానులు, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలన్నది ఆయన వాదన. గిరి విధానం అనే పేరుతో అది ప్రసిద్ధి పొందింది. అటువంటి ఆయన మంత్రి పదవి ఒక ట్రిబ్యునల్ తీర్పు కారణంగానే పోవడం విచిత్రం.

పిల్లలూ, ఇది కొంచెం జాగ్రత్తగా చదవండి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ఎన్నో ఏళ్ళుగా వివాదం నడుస్తోంది. మొదట ఒక ట్రిబ్యునల్ 1950లో తీర్పు ఇచ్చింది. 1951లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 1952లో మరో ట్రిబ్యునల్ వేశారు. అది 1953లో తీర్పు ఇచ్చింది. దాని మీద అప్పీళ్ళు వెళ్ళాయి. 1954 ఏప్రిల్‌లో అప్పీలు ట్రిబ్యునల్ తన నిర్ణయం ప్రకటించింది. ఎట్టకేలకు జీతాలు తేలాయని ఉద్యోగులు ఊపిరి పీల్చుకున్నారు.

అయితే చిన్న బ్యాంకులు, చిన్న ఊళ్ళలోని శాఖలు ఆ భారం మోయలేవని ప్రభుత్వంలో కొందరు వాదించారు. ఆ వాదనలో అసలు పసలేదని అనలేము. బ్యాంకు మూతపడితే ఉద్యోగమే ఉండదు కదా. కానీ ఆ వాదనలన్నీ ట్రిబ్యునళ్ళు విన్న తరవాతనే తీర్పు ఇచ్చాయి. అయినా 1954 ఆగస్టులో ప్రభుత్వం తనకున్న అధికారంతో ఆ తీర్పును ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది.

గిరి గారు ఆ ప్రభుత్వంలోనే మంత్రి. ఆయన ముందు రెండు దారులున్నాయి. మంత్రివర్గం నిర్ణయమని సరిపెట్టుకుని పదవిలో కొనసాగవచ్చు, లేదా బయటికి రావచ్చు. ఆయనకు అప్పటికి అరవై ఏళ్ళు నిండాయి. పెద్ద సంసారం. అయినా ఆ నెలలోనే రాజీనామా ఇచ్చేశారు. ఇరుపక్షాల వాదనా విని న్యాయమండలి తేల్చిన జీతాన్ని ప్రభుత్వమే తగ్గిస్తే, ఇక ఏ యజమాని మాట నిలబెట్టుకుంటాడన్నది ఆయన ప్రశ్న.

ఆ రాజీనామా వృథా పోలేదు. దేశమంతటా చర్చ జరిగింది. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. జస్టిస్ గజేంద్రగడ్కర్ నివేదిక ఆధారంగా 1955లో చట్టం చేసి, ఉద్యోగులు కోల్పోయినదానిలో చాలావరకు తిరిగి ఇచ్చారు. వేలమంది గుమాస్తాల, బంట్రోతుల ఇళ్ళలో ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టి ఉంటారు, అప్పులు తీర్చి ఉంటారు. వారిలో చాలామందికి గిరి గారు ముఖపరిచయం కూడా లేదు.

రాష్ట్రపతిగా

1957 ఎన్నికలలో పార్వతీపురం నుంచి పోటీ చేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. తరవాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు మరణించగా తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యతలు తీసుకున్నారు. ఆ ఏడాది జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్సు మీద సంతకం చేసింది ఆయనే. మరునాడే రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి, రెండవ ప్రాధాన్యత ఓట్ల లెక్కింపుతో గెలిచారు. ఆ ఎన్నిక చెల్లదని కేసు పడితే, రాష్ట్రపతి హోదాలో ఉండి కూడా సుప్రీంకోర్టుకు స్వయంగా వెళ్ళి సాక్ష్యం చెప్పారు. కేసు గెలిచారు.

మహనీయుల గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాయడం మనకు అలవాటు. పిల్లలకు నిజం చెప్పడం మా బాధ్యత కాబట్టి ఇంకొక మాట కూడా రాస్తున్నాము. 1974 మే నెలలో రైల్వే కార్మికులు జీతాలు, బోనసు, పనిగంటల విషయమై దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. ముందు నిలిచింది గిరి గారు పెంచి పెద్దచేసిన రైల్వే సమాఖ్యే. ప్రభుత్వం వేలమందిని అరెస్టు చేసి మూడు వారాలలో సమ్మెను అణచివేసింది. అప్పుడు రాష్ట్రపతి గిరి గారే. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారం నడవాలని రాజ్యాంగం చెబుతుంది. నిజమే. కానీ ఆయన ఇందిరాగాంధీ గారి ప్రభుత్వం మాటకు ఎన్నడూ ఎదురుచెప్పలేదన్న విమర్శ చరిత్రలో నిలిచిపోయింది. 1954లో మంత్రి పదవి వదులుకున్న మనిషి 1974లో రాష్ట్రపతి భవనంలోనే ఉండిపోయారు. ఎంత పెద్ద నాయకుడైనా అన్నివేళలా మన పక్షాన నిలబడగలరని అనుకోకూడదు. సంఘం బలం సంఘంలోనే ఉండాలి. గిరి గారు యువకుడిగా రైలు కార్మికులకు నేర్పిన పాఠం కూడా అదే.

1974 ఆగస్టులో పదవీ విరమణ చేశారు. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

కువైట్‌లో మనం

కువైట్‌లో 1961 వరకూ చెలామణీలో ఉన్నది రూపాయే. ఆ ఏడాదే దినారు వచ్చింది. డబ్బు మారినా, పని చేసినవాడికి సమయానికి కూలి అందాలన్న ధర్మం మారలేదు. రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చి ఇక్కడ డ్రైవర్లుగా, ఇంటిపనివారుగా, కట్టడం పనుల్లో కష్టపడుతున్న మనవాళ్ళు ఎందరో. వారి హక్కులు ఈ దేశపు చట్టంలోనే రాసి ఉన్నాయి. తెలుసుకోకపోతే ఆ లోపం మనది.

ప్రైవేటు కంపెనీలలో పనిచేసేవారికి 2010 నాటి 6వ నంబరు చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం నెలజీతం ఇవ్వవలసిన తేదీ నుంచి ఏడు రోజులు దాటకూడదు. మన 1936 చట్టంలోని ఏడు రోజులు గుర్తున్నాయి కదా? జీతం బ్యాంకు ఖాతాలో వేయాలి. పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు. ఓవర్‌టైము చేయిస్తే ఆ గంటలకు మామూలు జీతం మీద పావు వంతు అదనంగా ఇవ్వాలి. నెలజీతగాళ్ళు ఉద్యోగం ముగించి వెళ్ళేటప్పుడు మొదటి అయిదేళ్ళకు ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆ పైన ఏడాదికి ఒక నెల జీతం లెక్కన సర్వీసు డబ్బు వస్తుంది. మొత్తం ఏడాదిన్నర జీతానికి మించదు. పదేళ్ళు నిండకుండా తమంతట తాము రాజీనామా చేసేవారికి లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి ముందే కనుక్కోవాలి.

ఇళ్ళలో పనిచేసేవారు ఆ చట్టం కిందికి రారు. వారికోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. ప్రతి నెలా జీతం, వారానికి ఒకరోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని వారి హక్కులు. వారి పాస్‌పోర్టును కఫీల్ తన దగ్గర అట్టేపెట్టుకోకూడదు. చట్టం కాగితం మీద ఉండడం వేరు, నాలుగు గోడల మధ్య అమలు కావడం వేరు. ఫోను కూడా చేతిలో లేని అక్కచెల్లెళ్ళు ఉన్నారని మనకు తెలుసు. అటువంటివారు కనిపిస్తే మనకెందుకులే అని పక్కకు తప్పుకోవద్దు.

మా వంతుగా కొన్ని సూచనలు. ఒప్పంద పత్రం నకలు ఒకటి దగ్గర పెట్టుకుని, ఫోనులో ఫోటో తీసి ఇంటికి కూడా పంపండి. అందులో ఏముందో తెలియకుండా సంతకం పెట్టవద్దు. అరబీ చదివేవారిని అడగండి. ఏ నెల ఎంత వచ్చింది, ఎన్ని గంటలు చేశారు అన్నది తేదీలతో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ముట్టని డబ్బు ముట్టిందని ఎవరు రాసిచ్చినా వేలిముద్ర వేయవద్దు. జీతం ఆగిపోతే నెలల తరబడి ఓర్చుకుని కూర్చోకుండా మ్యాన్‌పవర్ అథారిటీ కార్మిక కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. దారి తెలియకపోతే భారత రాయబార కార్యాలయాన్ని అడగవచ్చు. చదువుకున్నవాళ్ళం పక్కన కూర్చుని ఆ ఫిర్యాదు రాసిపెట్టినా గొప్ప సహాయమే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మనలో చాలామంది ఇళ్ళలో పనికి మనిషి వస్తుంది. మన కారు కడిగే అన్న, మన బిల్డింగు హారిసు కూడా జీతగాళ్ళే. వారికి ఇవ్వవలసింది ఒకటో తారీకున ఇస్తున్నామా? పిల్లలు మన మాటల కంటే మన చేతలనే ఎక్కువగా చూస్తారు.

ఇక ఆ పాప వాక్యం సంగతి. మరుసటి శుక్రవారం తరగతిలో గిరి గారి కథ చెప్పి, అదే పదంతో మళ్ళీ వాక్యం రాయమన్నాము. నాన్న పని చేశాడు కాబట్టి కంపెనీ జీతం ఇవ్వాలి, ఇంకా మూడు నెలలది ఇవ్వాలి అని ఆ పాప రాసింది. పూర్తి మార్కులు వేశాము. ఆ మూడు నెలల లెక్క తేల్చుకోవడానికి వాళ్ళ నాన్నగారు ఇప్పుడు కార్మిక కార్యాలయానికి తిరుగుతున్నారు. అరబీ వచ్చిన మా మిత్రుడొకరు తోడు వెళుతున్నారు.